దాజీ పేట్ పిల్లల గోడు వినేవారు కావాలి

షోలాపూర్ మహానగరపాలిక కమిషనర్ గారికి,

మా దాజీ పేట్‌లో పోగు తెగితే మరమగ్గం ఆపి ముడి వేస్తారు. ఇంట్లో కుర్రాడు నాలుగు రోజులుగా ముద్ద ముట్టకపోతే మాత్రం "వయసు, అదే సర్దుకుంటుంది" అంటారు. బీడీలు చుడుతూ తల్లి గమనిస్తూనే ఉంటుంది. "చావాలనిపిస్తోందా నాయనా?" అని అడిగితే లేని ఆలోచన పుడుతుందేమోనని జంకుతుంది. అది అపోహ. నెమ్మదిగా అడిగితే బరువు దిగుతుంది.

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఆత్మహత్యకు ప్రయత్నించినవారిని తీవ్ర ఒత్తిడిలో ఉన్నవారిగా చూడమంటోంది, నేరస్థులుగా కాదు. 2022లో మొదలైన మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ (14416) ఉచితం. రాత్రింబవళ్లు పలుకుతుంది, తెలుగులోనూ.

ఆ నంబరును కార్ఖానాల్లో, బడుల్లో తెలుగు, మరాఠీల్లో రాయించండి. పాలిక దవాఖానాలో వారానికొక రోజైనా తెలుగొచ్చిన కౌన్సెలర్‌ను కూర్చోబెట్టండి. ఇళ్లలో మేం అడుగుతాం, వినేవారిని మీరివ్వండి.

ఇట్లు,
దాజీ పేట్ వాసి