ఆట మనది, సీటు ఎవరిది?

పదో తరగతి ఫలితాలు రాగానే వాడలో ప్రతి ఇంట్లోనూ ఒకటే లెక్క: ఇంటరా, ఐటీఐనా, పాలిటెక్నిక్కా? ఈ మధ్య ఇంకో మాట కూడా వినపడుతోంది. "నేను డాన్సు స్కూల్లో చేరతా." ఈ మాటన్న బిడ్డని ఇంట్లోవాళ్లు వింతగా చూస్తారు. అయినా ధైర్యం చేసి దరఖాస్తు పెట్టి, సెలక్షన్లకి వెళ్లొచ్చిన పిల్లలు మన మధ్యే ఉన్నారు. వాళ్లు చెప్పింది విన్నాం. అందుకే ఈ పక్షం దీని గురించే రాస్తున్నాం. కూలిరేట్లూ భూములూ వదిలేసి డాన్సుల మీద పడ్డారేందని అనుకోవద్దు. సీటు ఎక్కడుంటే కులం అక్కడుంటుంది. కులం ఎక్కడుంటే మన పని అక్కడుంటుంది.

సెలక్షన్ అంటే ఏం జరుగుతుంది? పది పదిహేను నిమిషాల తంతు. ముగ్గురో నలుగురో పెద్దలు కూర్చుంటారు. అరమండి పట్టమంటారు: మడమలు దగ్గర పెట్టి, మోకాళ్లు రెండు పక్కలకీ విప్పి, వీపు నిటారుగా నిలపాలి. ఒకటి రెండు అడవులు చెయ్యమంటారు. అడవు అంటే మనకి తెలిసిన అడవి కాదు, నాట్యంలో అడుగుల కూర్పు. వాళ్లు తాళం వేసి చూపిస్తారు, మనం మళ్లీ వెయ్యాలి. ఒక శ్లోకమో కీర్తనో పాడమంటారు. కళ్లు, మెడ, చేతులు కదిపి చూపమంటారు. ఆఖర్న ఒక ప్రశ్న: "ఎవరి దగ్గర నేర్చుకున్నావు? ఎన్నేళ్లు?"

ఈ ప్రశ్న దగ్గరే మన పిల్లలు కూలబడుతున్నారు. పక్కన నిలబడ్డ పట్నం పిల్ల ఆరేడేళ్ల వయసు నుంచీ గురువు ఇంటికి పోయి నేర్చుకుంది. నెలనెలా ఫీజు కట్టారు. అరంగేట్రానికి లక్షలు పోశారు. ఆ పిల్ల కష్టపడలేదని మేం అనం. చెమట ఎవరిదైనా చెమటే. కానీ ఆ పదిహేను నిమిషాల్లో కొలిచేది దేన్ని? బిడ్డలో ఉన్న ఆటనా, బిడ్డ వెనకున్న పదేళ్ల ఫీజునా? పైకి దాని పేరు టాలెంటు. లోపల చూస్తే తండ్రి జీతం, తల్లి తీరిక, గురువు గడప తొక్కనిచ్చిన కులం. సెలక్షన్ గది తలుపు అందరికీ తీసే ఉంటుంది, నిజమే. దానికి పదేళ్ల ముందు ఇంకో తలుపుంది. మనకి మూసుకుపోయింది అది.

సెలక్షన్‌కి వెళ్లొచ్చిన ఒకమ్మాయి చెప్పింది: "వాళ్లు వేసిన తాళం తప్పు లేకుండా వేశాను. ఇది ఏ జాతి అని అడిగారు. కులం అడుగుతున్నారనుకుని తల వంచుకున్నాను." వాళ్లు అడిగింది తాళం జాతి. నాట్యశాస్త్రం చదివినవాళ్లకి అది చిన్న ప్రశ్న. మూడు దెబ్బలది తిశ్ర జాతి, నాలుగు చతురశ్రం, ఐదు ఖండం, ఏడు మిశ్రం, తొమ్మిది సంకీర్ణం. ఈ బిడ్డకి మాత్రం ఆ మాట ఒకే అర్థంలో తెలుసు. పుట్టిన కాడ నుంచీ బడిలో, బావి కాడ, గుడి ముందర ఆ మాట ఆ అర్థంలోనే విన్నది. అడిగినవాళ్లకి దురుద్దేశం లేకపోవచ్చు. అయినా బిడ్డ తల వంగింది, మార్కులు పోయాయి. కులం తిడితేనే పని చెయ్యాలని లేదు. నోరెత్తకుండా కూడా పని చేసుకుపోతుంది.

ఇక్కడ ఒక సంగతి గట్టిగా చెప్పుకోవాలి. డప్పున్న ఇంట్లో పుట్టిన పిల్లలకి ఈ మూడూ నాలుగూ ఐదూ చేతుల్లోనే ఉన్నాయి. సిర్ర ఒక చేత, చిటికెన పుల్ల ఒక చేత పట్టి, చావు దెబ్బ వేరు, పెళ్లి దెబ్బ వేరు, ఊరేగింపు దెబ్బ వేరని చూపించగలరు. కొడుతూ ఎగురుతారు, ఎగురుతూ తిరుగుతారు, లయ తప్పరు. వాళ్లకి తెలియంది లయ కాదు, లయకి పెట్టిన సంస్కృతం పేరు. పేరు నేర్పటానికి నెల చాలు. లయ నేర్పటానికి ఏళ్లు పడుతుంది. మరి ఏళ్లు పట్టేది చేతిలో ఉన్న బిడ్డని, నెలలో వచ్చేది లేదని తిప్పి పంపటం ఏం న్యాయం?

సంప్రదాయం అట్లా ఉంది, మేమేం చేస్తాం అంటారు. సంప్రదాయం సంగతీ చూద్దాం. కృష్ణా జిల్లా కూచిపూడిలో ఒకప్పుడు కొన్ని బ్రాహ్మణ కుటుంబాల మగవాళ్లే భాగవతం ఆడారు. ఆడవేషాలూ వాళ్లే కట్టారు. ఆడవాళ్లు గజ్జె కట్టకూడదన్నారు. 20వ శతాబ్దంలో ఆ కట్టు తెగింది. 1963లో వెంపటి చినసత్యం గారు మద్రాసులో కూచిపూడి ఆర్ట్ అకాడమీ పెట్టారు. ఇవాళ ఆ నాట్యం నేర్చుకునేవాళ్లలో ఆడపిల్లలే ఎక్కువ. అరవదేశంలో దేవదాసీలు ఆడిన సదిరాటని పెద్దింటోళ్లు ఈసడించారు. 1935లో రుక్మిణీదేవి మద్రాసులో అదే ఆట ఆడారు, 1936లో కళాక్షేత్ర పెట్టారు. సదిరు కాస్తా భరతనాట్యమై గౌరవం తెచ్చుకుంది. కళాక్షేత్ర 1993లో పార్లమెంటు చట్టంతో జాతీయ ప్రాముఖ్యం గల సంస్థ అయింది. అంటే ఏంది? వాళ్లు కావాలనుకున్నప్పుడు సంప్రదాయం వంగింది. వంగదు అనే మాట మన కోసమే దాచిపెట్టారు.

వాళ్ల ఆటకి స్కూళ్లు వచ్చాయి, డిప్లొమాలు వచ్చాయి, టీచరు ఉద్యోగాలు వచ్చాయి. మన ఆటకి "జానపదం" అని పేరు పెట్టి, మంత్రి గారు వచ్చినప్పుడు గేటు కాడ ఆడించారు. నిజామాబాద్ జిల్లా చిందు ఎల్లమ్మ మగవేషమైనా ఆడవేషమైనా కట్టి జనాన్ని తెల్లవార్లూ కూర్చోబెట్టిన మనిషి. 2005లో పోయింది. జనగామ జిల్లా చిందు యక్షగాన కళాకారుడు గడ్డం సమ్మయ్య గారికి 2024లో పద్మశ్రీ ఇచ్చారు. సంతోషం. తాతకి బిళ్ల ఇచ్చిన సర్కారు, మనవడికి సీటు ఇస్తుందా? ఆ చిందుని మూడేళ్లో నాలుగేళ్లో కూర్చోబెట్టి నేర్పి, పట్టా ఇచ్చి, బడిలో ఉద్యోగం ఇచ్చే దారి వేస్తుందా? మా ప్రశ్న అది.

ఇంకో పాత లెక్క కూడా ఉంది. మన ఆడపిల్లల్ని జోగినులుగా మార్చినప్పుడు ఏ సెలక్షన్ పెట్టారు? అరమండి చూశారా? శ్లోకం అడిగారా? ఎల్లమ్మ పేరు చెప్పి, పోతురాజు పేరు చెప్పి, పసిపిల్ల మెళ్లో తాళి కట్టి, జాతర్లలో, పెద్దోళ్ల శవాల ముందర ఆడించారు. అప్పుడు దళితబిడ్డ ఒళ్లు ఆటకి పనికొచ్చింది. 1988లో చట్టం చేస్తే గానీ అది నేరమని రాసుకోలేదు. మెత్తటి చెక్కనేల మీద, జీతం వచ్చే చోట ఆడతానంటే మాత్రం అదే ఒళ్లు పనికిరాదంటున్నారు.

అందుకే కొందరు తల్లులు బిడ్డ డాన్సు అనగానే ఉలిక్కిపడతారు. వాళ్ల మేనత్తనో పెద్దమ్మనో ఆడించింది వాళ్లు చూశారు. ఆ భయాన్ని మేం వెక్కిరించం. అమ్మలారా, ఒక్కటే చెప్తాం. ఆడమని ఊరు శాసిస్తే అది బానిసత్వం. ఆడతానని బిడ్డ అంటే, చదువుగా నేర్చుకుంటే, వద్దనుకున్న రోజు మానేసే హక్కు బిడ్డ చేతిలో ఉంటే అది వేరు. రెంటినీ కలపొద్దు.

రంగు సంగతికి వద్దాం. "జెమిని" సినిమాలో వెంకటేష్‌కి ఎదురు నిలబడిన విలన్ కళాభవన్ మణి మీకు గుర్తుండే ఉంటాడు. కేరళలో దళిత కుటుంబంలో పుట్టి, ఆటో నడిపి, నటుడైనవాడు. ఆయన తమ్ముడు ఆర్.ఎల్.వి. రామకృష్ణన్ మోహినీయాట్టం నేర్చుకుని, అందులోనే డాక్టరేట్ చేశారు. 2024 మార్చిలో ఒక నర్తకి ఇంటర్వ్యూలో, పేరు పెట్టకుండా, మోహినీయాట్టం ఆడే మగవాడికి అందం ఉండాలనీ ఆయనది కాకి రంగనీ అన్నది. కేరళ దేశమంతా భగ్గుమంది. కవి వళ్లతోళ్ 1930లో పెట్టిన కేరళ కళామండలం ఆయన్ని పిలిచి తమ వేదిక మీద ఆడించింది. ఆ నెలలోనే మోహినీయాట్టంలో మగపిల్లల్ని చేర్చుకోవాలని తీర్మానం చేసింది. 2025లో రామకృష్ణన్ అదే కళామండలంలో భరతనాట్యం అధ్యాపకుడుగా చేరారు. జనం నోరు తెరిస్తేనే ఆ గేటు తెరుచుకుంది. ఆయన చదువు చేతిలో ఉండబట్టి లోపలికి నడిచారు. రెండూ కావాలి: జనం గొంతూ, బిడ్డ చదువూ.

రంగు గోల మన దేశానికే లేదు. అమెరికాలో, ఇంగ్లండులో బ్యాలే స్కూళ్లు చిన్నప్పుడే పిల్లల్ని ఏరుకుంటాయి. బూటూ మేజోడూ గులాబి రంగు. దానికి "ఒంటి రంగు" అని పేరు. ఎవరి ఒంటి రంగు? నల్లపిల్లలు బూట్లకి మేకప్ పూసుకుని తమ రంగుకి తెచ్చుకున్నారు. నల్లవాళ్ల కోసం గోధుమ రంగు బూట్లు లండన్ కంపెనీ ఒకటి చేసి అమ్మింది ఎప్పుడనుకున్నారు? 2018లో. 1968లో మార్టిన్ లూథర్ కింగ్‌ని చంపిన తరవాత, ఆర్థర్ మిచెల్ అనే నల్లజాతి నర్తకుడు తమ వాడ హార్లెంలో ఒక గ్యారేజీలో పిల్లలకి పాఠం మొదలుపెట్టాడు. వచ్చేపోయేవాళ్లు చూడాలని తలుపులు తెరిచి ఉంచాడు. 1969లో అదే డాన్స్ థియేటర్ ఆఫ్ హార్లెం అయింది. మిస్టీ కోప్‌లాండ్ అనే అమ్మాయి పదమూడేళ్లకి గానీ బ్యాలే మొదలుపెట్టలేదు, అదీ ఒక పిల్లల క్లబ్బులో ఉచితంగా చెప్పిన క్లాసులో. ఆమె 2015లో అమెరికన్ బ్యాలే థియేటర్‌లో ప్రధాన నర్తకి స్థాయి అందుకున్న తొలి నల్లజాతి స్త్రీ. ఆలస్యంగా మొదలుపెట్టిన బిడ్డ చేతకాని బిడ్డ కాదు. ఈ ముక్క ప్రతి సెలక్షన్ గది గోడ మీద రాయాలి.

మనలోనే రెండు మాటలున్నాయి. ఒకరంటారు: అంబేద్కర్ చదవమన్నాడు గానీ గజ్జె కట్టమన్నాడా? ఇంకొకరంటారు: మనకి డప్పు ఉండగా వాళ్ల ఆట కోసం దేబిరించటం దేనికి? మొదటివాళ్లకి మా జవాబు: నాట్యమూ చదువే, పట్టా ఉంది, కొలువుంది, జీతముంది. వాళ్ల బిడ్డకి కళ, మన బిడ్డకి కూలి అనే పంపకాన్ని మనమే ఒప్పుకుందామా? రెండోవాళ్లకి: డప్పుని వదలమని ఎవరన్నారు? చంకన డప్పు పెట్టుకునే లోపలికి పోదాం. అడిగింది సీటు, వాళ్ల దయ కాదు. ఏకలవ్యుడు బయట నిలబడి నేర్చుకుని ఆఖరికి బొటనవేలు ఇచ్చుకున్నాడు. మన పిల్లలు లోపల కూర్చుని నేర్చుకోవాలి, పది వేళ్లతోటీ బయటికి రావాలి.

ప్రజల డబ్బుతో నడిచే నాట్య సంస్థలన్నిటినీ మేం అడిగేవి ఇవి. పదిహేను నిమిషాల పరీక్ష చాలదు. నాలుగు రోజులు నేర్పి, బిడ్డ ఎంత పట్టుకోగలదో చూసి తీసుకోండి. డప్పు, చిందు, గుస్సాడి, థింసా తెలిసిన పిల్లలకి ఆ విద్యని లెక్కలోకి తీసుకోండి. ఎంపిక కమిటీలో దళిత, ఆదివాసీ కళాకారుల్ని కూర్చోబెట్టండి. మార్కులు బయట పెట్టండి. సర్కారుని అడిగేది: సాంఘిక సంక్షేమ గురుకులాల్లో అయిదో తరగతి నుంచే నాట్యం టీచర్ని పెట్టండి. సెంట్రల్ యూనివర్సిటీల్లో ఎస్సీలకి 15 శాతం, ఎస్టీలకి 7.5 శాతం సీట్లున్నాయి. నాట్యంలో ప్రాక్టికల్ గట్టెక్కే బిడ్డని తయారు చెయ్యకుండా సీటు కాగితం మీద ఉంచితే ఎవరికి లాభం?

కార్యకర్తలకి నాలుగు మాటలు. బిడ్డని సెలక్షన్‌కి ఒంటరిగా పంపొద్దు, ఒక అక్కనో అన్ననో తోడు పంపండి. ముందు నెల రోజులు వాడలోని కమ్యూనిటీ హాల్లో సాయంత్రాలు కూర్చోబెట్టి, తాళాల పేర్లు, అరమండి, అడగబోయే ప్రశ్నలు నేర్పించండి. తెలిసినవాళ్లు ఏ కులంవాళ్లయినా పిలవండి. కులం సర్టిఫికెట్, ఆదాయం సర్టిఫికెట్ ముందే తీసి పెట్టుకోండి. కోర్సుకి గుర్తింపు ఉందా, పోస్ట్‌మెట్రిక్ స్కాలర్‌షిప్ వస్తుందా అని చేరకముందే రాతలో అడగండి. పది నుంచి పద్నాలుగేళ్ల పిల్లలకి కేంద్రం సీసీఆర్‌టీ ద్వారా 1982 నుంచి ఇస్తున్న కళల స్కాలర్‌షిప్ ఉంది. సంప్రదాయ కళాకారుల కుటుంబాల పిల్లలకి అందులో వాటా పెట్టారు. చిందోళ్ల పిల్లలకి, డప్పోళ్ల పిల్లలకి ఈ కబురు చేరాలి. కులం పేరుతో నలుగురిలో అవమానిస్తే 1989 అట్రాసిటీ చట్టం ఉంది, అక్కడున్నవాళ్ల పేర్లు రాసుకుని రండి. 2005 సమాచార హక్కు చట్టం కింద అడగండి: ఎంతమంది ఎస్సీ, ఎస్టీ పిల్లలు దరఖాస్తు పెట్టారు, ఎంతమంది చేరారు, ఎంతమంది చివరిదాకా ఉన్నారు? దారిద్ర్యరేఖకి దిగువన ఉన్నవాళ్లకి ఆ దరఖాస్తుకి ఫీజు కూడా లేదు. వచ్చిన జవాబులు మాకు పంపండి, అచ్చు వేస్తాం.

సీటు రాకుండా తిరిగొచ్చిన పిల్లలారా, మీలో లోపం ఉందని అనుకోకండి. మళ్లీ వెళ్లండి. ఈసారి ఏ జాతి అని అడిగితే తల ఎత్తి తాళం పేరు చెప్పండి. అడిగింది కులమే అయితే అదీ తల ఎత్తే చెప్పండి.

జై భీమ్.