డైలీయా, వీక్లీయా?

మా ఇంట్లో రెండు భాషలు. అమ్మతో, అమ్మమ్మతో తెలుగు, నాన్నతో ఒడియా. ఇంగ్లీషు కాగితం ఏదొచ్చినా నా చేతికిస్తారు. కరెంటు బిల్లు, బ్యాంకు ఫారం, మందుల చీటీ. మన బరంపురంలో చాలా ఇళ్ళలో ఇంతే కదా, కాలేజీకెళ్ళే ఆడపిల్లే ఇంటికి గుమాస్తా.

పోయిన వేసవిలో అమ్మమ్మ కీళ్ళవాతానికి ఒక డాక్టరుగారు మెథోట్రెక్సేట్ మాత్రలు రాశారు. ఈ జబ్బుకి అది వారానికి ఒక్కసారే వేసుకోవాల్సిన మందు. అప్పుడు మాకా సంగతి తెలీదు. చీటీలో 'వన్స్' అన్నది అర్థమైంది. దాని పక్కన ఒక గీత పాములా పాకి, చివర 'ఎల్, వై' దగ్గర ఆగింది. నేను 'డైలీ' అని చదివాను. మందుల షాపు అబ్బాయి కూడా చూసి "దినకు గోటియే" అన్నాడు. నేను దాన్ని తెలుగు చేసి, "రోజుకొకటి, అమ్మమ్మా" అన్నాను.

అయిదో రోజుకి ఆవిడ నోరంతా పూసింది. వేడి చేసిందనుకుని మజ్జిగ, సబ్జా నీళ్ళు ఇచ్చాం. మాత్ర మాత్రం మానలేదు, రోజూ నేనే గుర్తు చేశాను. తొమ్మిదో రోజు జ్వరం. ఆసుపత్రిలో రక్తం పరీక్ష చేసి తెల్లకణాలు బాగా పడిపోయాయన్నారు. పది రోజులు ఉంచుకున్నారు. అమ్మమ్మ బతికింది. ఇప్పటికీ నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుణ్ణు అనిపిస్తుంది.

డాక్టర్ల రాత మీద జోకులు నేనూ వేశాను. ఇప్పుడు వేయలేను. మందుల పేర్లు అర్థమయ్యేలా, వీలైతే పెద్దక్షరాల్లో రాయాలని మెడికల్ కౌన్సిల్ 2016లోనే నిబంధన మార్చింది. 2024 జనవరిలో మన ఒడిశా హైకోర్టు కూడా అదే చెప్పింది. పాము కాటుకి కొడుకు పోయిన తండ్రి పరిహారం కోసం కోర్టుకెళితే, పోస్ట్‌మార్టం రిపోర్టు జడ్జిగారికే అర్థం కాలేదు. రాసిన డాక్టరే వీడియోలో చదివి చెప్పాల్సి వచ్చింది. జడ్జిగారికైతే డాక్టరు చదివి పెట్టారు. మా అమ్మమ్మకి నేనున్నాను, అంతే!

ఓపీలో క్యూ నేనూ చూశాను, డాక్టర్లకి తీరిక లేదన్నది అబద్ధం కాదు. అందుకే చీటీ అంతా ముత్యాల్లా రాయమని అడగను. ఎన్నిసార్లు వేసుకోవాలో అదొక్కటి తేటగా రాయండి. 'ఓడీ, బీడీ' అని లాటిన్ పొట్టి మాటలు పెద్దక్షరాల్లో రాసినా ఇంట్లోవాళ్ళకి ఏం తెలుస్తుంది? వారం మందుకి ఏ వారమో రాస్తే చాలు. తెలుగులో వారం అంటే ఏడు రోజులూ, అందులో ఒక రోజూ కూడా.

షాపువాళ్ళనీ వదలను. 1980ల్లో ఇంగ్లండులో అమాక్సిల్ అని రాసిన చీటీని డయోనిల్ అని చదివి షుగరు మాత్రలిచ్చారు. ఆ రోగి మెదడు దెబ్బతింది. కోర్టు డాక్టరు మీద 25 శాతం, మందులిచ్చినవాళ్ళ మీద 75 శాతం తప్పు వేసింది. అనుమానం వస్తే ఫోన్ చేసి అడగాలి కదా అని. మా విషయంలో నా వాటా ఎంతో నేను లెక్కేసుకోలేదు. చదవడం రానప్పుడు రాలేదని చెప్పకుండా, వచ్చినట్టు నటించాను. ఇంగ్లీషు మీడియం పిల్లని కదా.

మళ్ళీ చూపించడానికి వెళ్ళినప్పుడు పాత చీటీ ఆయన ముందు పెట్టి, "సార్, ఇది ఒక్కసారి చదివి వినిపించండి" అన్నాను. నాన్న నా మోచెయ్యి లాగారు. ఆయన కళ్ళద్దాలు సర్దుకుని, కాగితం కాస్త దూరంగా పట్టుకుని, కాసేపు చూశారు. తరవాత ఏమీ అనకుండా కొత్త చీటీ తీసి, మందు పేరు కింద ఆదివారం అని ఇంగ్లీషు పెద్దక్షరాల్లో రాసి ఇచ్చారు.