చూపు బాగుంటే కన్ను బాగున్నట్లేనా?

ప్రశ్న: మావారి వయస్సు 52 సంవత్సరాలు. 12 సంవత్సరాలుగా మధుమేహం ఉంది. చూపు బాగానే ఉంది. కళ్ళజోడు పెట్టుకుని పేపరు హాయిగా చదువుతారు. కంటి పరీక్షకు వెళదామంటే మాత్రం రారు. కంటిలోని ఒక్కొక్క కణాన్నీ ఫోటో తీసే యంత్రం ఉందని ఎక్కడో చదివి, "అది మన ఊరికి వచ్చాక చూపించుకుంటాలే" అంటున్నారు. ఏమిటా యంత్రం? అంతవరకు ఆగవచ్చా?

— ఒక సోదరి, తెనాలి

జవాబు: ఆగకూడదు. ముందు యంత్రం సంగతి చెబుతాను.

కంటి లోపల వెనుకవైపు పరుచుకుని ఉండే పల్చని పొర రెటీనా. రంగులను, సన్నని అక్షరాలను పోల్చుకునే శంకు కణాలు అందులో సుమారు 60 లక్షలు ఉంటాయి. రెటీనా నడిమధ్యన ఉండే ఒక్కొక్క కణం మందం తలవెంట్రుకలో సుమారు 30వ వంతు. వాటిని ఫోటో తీయబోతే మన నల్లగుడ్డు, లెన్సే అడ్డు వస్తాయి. ఎంత ఆరోగ్యమైన కంటిలోనైనా వాటికి చిన్న చిన్న వంకరలు ఉంటాయి. అందుచేత ఫోటో అలుక్కుపోతుంది.

ఖగోళ శాస్త్రజ్ఞులకూ ఇదే చిక్కు. గాలి కదలికల వల్ల దుర్భిణిలో నక్షత్రం చెదిరి కనిపిస్తుంది. ఆ చెదురును కొలిచి, దానికి తగినట్లు అద్దం ఆకారాన్ని ఎప్పటికప్పుడు మార్చి సరిచేయవచ్చని 1953లో హొరేస్ బాబ్‌కాక్ సూచించాడు. ఈ పద్ధతి పేరు 'అడాప్టివ్ ఆప్టిక్స్'. 1997లో అమెరికాలోని రోచెస్టర్ విశ్వవిద్యాలయంలో లియాంగ్, విలియమ్స్, మిల్లర్ దీన్ని కంటికి ఉపయోగించి, సజీవమైన రెటీనాలోని కణాలను విడివిడిగా ఫోటో తీశారు. కంటిలోకి సన్నని కాంతి పంపి, అది తిరిగి వచ్చేటప్పుడు ఎంత వంకరపోయిందో కొలుస్తారు. ఆ కొలత ప్రకారం అద్దం వంగి బొమ్మను సరిచేస్తుంది. కోత లేదు, నొప్పి లేదు.

కొన్ని నెలల తర్వాత అవే కణాలను మళ్ళీ చూసి, జబ్బు ముదిరిందో, మందు పనిచేసిందో తెలుసుకోవచ్చు. కాని ఒక్కొక్క ఫోటోలో రెటీనాలో చాలా చిన్న భాగమే వస్తుంది. శుక్లం ముదిరిన కంటికి పనికిరాదు. ఇది ఎక్కువగా పరిశోధనశాలల్లోనే ఉపయోగపడుతోంది.

మీవారికి కావలసింది అది కాదు. మధుమేహం రెటీనాలోని సన్నని రక్తనాళాలను చడీచప్పుడు లేకుండా దెబ్బతీస్తుంది. చాలాకాలం నొప్పి ఉండదు, చూపూ తగ్గదు. చూపు తగ్గిన తర్వాత వైద్యం చేసినా, పోయినదంతా తిరిగి రాకపోవచ్చు. ముందే కనిపెడితే చక్కెరను, రక్తపోటును అదుపులో పెట్టి, అవసరమైతే లేజర్ చికిత్సతోనో కంటి ఇంజెక్షన్లతోనో చూపును చాలావరకు కాపాడవచ్చు.

దీనికి మామూలు పరీక్ష చాలు. చుక్కల మందు వేసి కనుపాపను పెద్దది చేసి, కంటి డాక్టరు లోపల చూస్తారు. తర్వాత కొన్ని గంటలు చూపు మసకగా ఉంటుంది గనుక మీరూ వెంట వెళ్ళండి. ఆయన్ను బండి నడపనివ్వకండి. మధుమేహం ఉన్నవారు చూపు ఎలా ఉన్నా ఏడాదికొకసారి ఈ పరీక్ష చేయించుకోవాలి. హఠాత్తుగా కళ్ళ ముందు నల్లని మచ్చలు తేలినా, తెర పడ్డట్లున్నా ఆ రోజే వెళ్ళాలి.

యంత్రం వచ్చినప్పుడు వస్తుంది. మీరు మాత్రం ఈ వారంలోనే ఆయన్ను తీసుకువెళ్ళండి.