గట్టు మీద నడక హాయి... గట్టు చేరేదాకానే అవస్థ
పుష్కరాల లోపు కాలిబాటలు బాగుపడేనా?

రాజమహేంద్రవరం: పల్లెల నుంచి ఈ ఊరికి పనిమీద వచ్చేవారిలో ఎక్కువమందికి సొంత బండి ఉండదు. బస్సు దిగినా, రైలు దిగినా ఆ తర్వాత కాళ్లే గతి. ఆస్పత్రికైనా, కోర్టుకైనా, కలెక్టరు ఆఫీసుకైనా, పెద్దల పేర పిండం పెట్టడానికి గోదావరి రేవుకైనా కొంత దూరం నడవక తప్పదు. నడవడానికి ఈ ఊరు నిజానికి అనువైనదే. ఏటి పక్క ఊరు కావడంతో గట్టు పొడవునా నేల చదునుగా ఉంటుంది. పెద్దగా ఎగుడుదిగుళ్లు లేవు. చూడదగ్గవి ఒకదానికొకటి దగ్గర్లోనే ఉన్నాయి. వచ్చిన చిక్కల్లా ఒక్కటే. నడవదగిన దారి ముక్కలు ముక్కలుగా ఉంది. ముక్కకూ ముక్కకూ మధ్య అతుకు లేదు.

2027లో గోదావరి పుష్కరాలు రానున్నందున ఈ విషయం అందరికీ పట్టవలసినదిగా మారింది. లక్షల సంఖ్యలో వచ్చే యాత్రికులు చివరి కిలోమీటరు నడిచే రేవు చేరాలి. ఆ దారి ఎలా ఉంటుందన్నది భక్తికి మాత్రమే సంబంధించిన మాట కాదు, ప్రాణాలకు సంబంధించిన మాట.

సులువైన దారులు ఇవీ

పెద్దవాళ్లు, పిల్లలు కూడా అలసిపోకుండా నడవగలిగిన దారులు నాలుగైదు ఉన్నాయి.

మొదటిది గోదావరి స్టేషను నుంచి పుష్కరాల రేవుకు. కొవ్వూరు వైపు నుంచి రైల్లో వచ్చేవారు పెద్ద స్టేషను దాకా పోకుండా గోదావరి స్టేషనులో దిగితే ఏరు దగ్గరవుతుంది. కోటగుమ్మం మీదుగా నెమ్మదిగా నడిచినా తక్కువ సేపట్లోనే రేవులో ఉండవచ్చు. పాతకాలపు కోట ఇప్పుడు లేకపోయినా దాని గుమ్మం పేరు జనం నోట నిలిచిపోయింది. రేవు దగ్గర్లోనే మార్కండేయస్వామి గుడి ఉంది. స్నానం, దర్శనం రెండూ ఆటో ఎక్కకుండానే ముగించుకోవచ్చు.

రెండవది గట్టు రోడ్డు వెంట దిగువకు, ఇస్కాన్ మందిరం ఉన్న గౌతమీ ఘాట్ దాకా. ఒక పక్క ఏరు, మరో పక్క ఊరు. సాయంకాలం చల్లగాలికి ఊరివాళ్లు నడిచేది ఎక్కువగా ఇటే. ఏటి మీది వంతెనలు కనిపిస్తూ ఉంటాయి.

మూడవది ఎగువన కోటిలింగాల రేవు. 2015 పుష్కరాలకు ఈ రేవును కిలోమీటరుకు పైగా పొడిగించారు. ఒక కొస నుంచి మరో కొసకు నడిచి వస్తే చాలు, మోకాళ్ల నొప్పులవారికి ఆ రోజుకు సరిపడా నడక అయినట్టే. పుష్కరాల రేవు కంటే ఇక్కడ చోటు చాలా ఎక్కువ. అయినా పల్లెల నుంచి వచ్చేవారిలో చాలామందికి అలవాటైన రేవు అదొక్కటే.

నాలుగవది పాత ఊరి వీధులు. కందుకూరి వీరేశలింగం పంతులుగారు నివసించిన ఇల్లు, వందేళ్ల చరిత్ర ఉన్న గౌతమీ గ్రంథాలయం, రాళ్లబండి సుబ్బారావు పేరిట ఉన్న ప్రభుత్వ మ్యూజియం ఉన్నది ఇక్కడే. 1881 డిసెంబరులో పంతులుగారు తొలి వితంతు వివాహం జరిపించింది ఈ ఊళ్లోనే. బడి పిల్లలను తీసుకువచ్చే పంతుళ్లు బస్సును ఒకచోట ఆపి, ఇవన్నీ ఒక్క పూటలో నడిపించి చూపించవచ్చు. అయితే వీధులు ఇరుకు, మోటారు సైకిళ్లు ఎక్కువ. పొద్దున్నే కొట్లు తెరవకముందు నడిస్తే సుఖం.

ఇక ఊరు దాటి ధవళేశ్వరం. అక్కడికి బస్సులో పోయి, కాటన్ మ్యూజియం చూసి, అక్కడి నుంచి బ్యారేజీ దగ్గరకు నడవడం తేలిక. సర్ ఆర్థర్ కాటన్ 1847లో మొదలుపెట్టిన ఆనకట్ట 1852 నాటికి పూర్తయింది. ఇప్పుడున్న బ్యారేజీ ఆ పాత ఆనకట్ట స్థానంలో తర్వాత కట్టింది. నాలుగు భాగాలుగా మూడున్నర కిలోమీటర్లు సాగే ఈ కట్టడానికి 175 గేట్లు ఉన్నాయి. డెల్టా రైతు పొలానికి వచ్చే నీరు ఎక్కడ మలుపు తిరుగుతుందో కళ్లారా చూసే చోటిది. బ్యారేజీ మీద మాత్రం బస్సులు, లారీలు తిరుగుతాయి కనుక చిన్నపిల్లలతో పోయేవారు జాగ్రత్తగా ఉండాలి.

ఎప్పుడు నడవాలి, ఎప్పుడు కూడదు

కార్తీకం నుంచి శివరాత్రి దాకా నడకకు మంచి రోజులు. ఎండాకాలంలో రాతి మెట్లు పెనంలా కాలుతాయి. చెప్పులు విడిచి దిగవలసిన చోటు కనుక పొద్దున ఎనిమిదింటి లోపునో, పొద్దు వాలాకనో పోవడం మేలు. జూలై నుంచి సెప్టెంబరు దాకా వరద కాలం. ధవళేశ్వరం వద్ద నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండవది, 17.75కు మూడవది ఇస్తారు. హెచ్చరిక ఉన్న రోజుల్లో రేవుల వైపు పోకపోవడమే క్షేమం. పైకి నిదానంగా కనిపించినా వరదనీటి అడుగున లాగుడు బలంగా ఉంటుంది. నీట మునిగిన మెట్ల మీది నాచు కాలిని నిలవనివ్వదు.

అవస్థ ఎక్కడ?

గట్టెక్కాక నడక బాగానే ఉంటుంది. గట్టు చేరేదాకానే ఇబ్బంది. బస్టాండు నుంచి గానీ పెద్ద స్టేషను నుంచి గానీ బయలుదేరిన మనిషికి ఏటి వైపు ఎటు పోవాలో చెప్పే బోర్డులు చాలవు. ఉన్న బోర్డులు కార్లలో వచ్చేవారికి పనికివచ్చేవే. నడిచేవారికి కావలసింది ‘రేవుకు ఇంత దూరం, ఇన్ని నిమిషాలు’ అని తెలుగులో పెద్ద అక్షరాలతో రాసిన బోర్డు. అది లేకపోవడంతో దారి తెలియని ముసలివారు దగ్గరి దూరానికి కూడా ఆటో ఎక్కవలసి వస్తున్నది.

మెయిన్ రోడ్డు, తాడితోట వంటి రద్దీ చోట్ల కాలిబాట సగం కొట్ల సామానుకు, మిగిలిన సగం నిలిపిన మోటారు సైకిళ్లకు పోతున్నది. మురుగుకాలువ మీద పరిచిన పలకలనే కాలిబాట అనుకోవాలి. ఒక పలక విరిగినా చీకట్లో కాలు అందులో పడుతుంది. ఆడవారికి దారిలో మరుగుదొడ్లు దొరకవు. గంట నడవగలిగినవారు కూడా ఈ ఒక్క కారణంగా నడవడానికి జంకుతారు.

కాలిబాట మీద నడిచే హక్కు జీవించే హక్కులో భాగమని సుప్రీంకోర్టు 2025 మే 14న చెప్పింది. కాలిబాటలు ఆక్రమణలు లేకుండా, వికలాంగులు కూడా నడిచేలా ఉండాలని రాష్ట్రాలను ఆదేశించింది. కోర్టు మాట పల్లె మనిషి కాలి కిందికి రావాలంటే మునిసిపల్ కార్పొరేషను పూనుకోవాలి.

చిల్లర వ్యాపారులను వెళ్లగొడితే సరిపోతుందా?

కాలిబాట ఖాళీ చేయించడం అనగానే అధికారుల చూపు ముందు బుట్టల మీద, తోపుడు బళ్ల మీద పడుతుంది. పూలు, ఆకుకూరలు, జామకాయలు తెచ్చి అమ్మేవారిలో చాలామంది చుట్టుపక్కల పల్లెలవారే. నడిచేదీ పల్లెవారే, అమ్మేదీ పల్లెవారే. ఒకరి దారి కోసం మరొకరి కూడు తీసేయడం న్యాయం కాదు. వీధి వ్యాపారుల చట్టం 2014లోనే వచ్చింది. వారిని లెక్కించి, ధ్రువపత్రాలిచ్చి, అమ్ముకునే చోటు చూపించాలన్నది ఆ చట్టం సారాంశం. ఆ పని సక్రమంగా జరిగితే రెండు వర్గాలకూ చోటు ఉంటుంది. నిజానికి బుట్ట ఆక్రమించే చోటు తక్కువ. పెద్ద కొట్లు రోడ్డు మీదికి పెంచిన అరుగులు, రేకులు, నిలిపిన బళ్లు ఆక్రమించేదే ఎక్కువ.

2015 నేర్పిన పాఠం

2015 జూలై 14, పుష్కరాల తొలిరోజు పొద్దున పుష్కరాల రేవు వద్ద తొక్కిసలాట జరిగింది. 27 మంది చనిపోయారు. వారిలో ఎక్కువమంది ఆడవారే. ఆ ఘటనపై ప్రభుత్వం రిటైర్డు న్యాయమూర్తి సి.వై. సోమయాజులు కమిషన్‌ను వేసింది. తప్పెవరిదన్న వాదనలు ఏళ్ల తరబడి నడిచాయి. వాదనలు ఎలా ఉన్నా, దారుల కోణం నుంచి చూస్తే ఒక సంగతి తేటతెల్లం. ఒకే ముహూర్తానికి, ఒకే రేవుకు, ఇరుకైన దారిలో జనమంతా చేరారు. ఆ రోజున ఊళ్లో రేవులకు కొదవ లేదు. కోటిలింగాల రేవును పొడిగించింది ఆ పుష్కరాలకే.

గోదావరి ఏ రేవులోనైనా గోదావరే. పన్నెండు రోజుల్లో ఏ రోజు మునిగినా పుణ్యంలో తేడా లేదని పెద్దలు చెబుతారు. అవతలి ఒడ్డున కొవ్వూరులో గోష్పాద క్షేత్రం ఉంది. 2022 జిల్లాల మార్పుతో కొవ్వూరు, నిడదవోలు కూడా తూర్పు గోదావరి జిల్లాలోకే వచ్చాయి కనుక రెండు ఒడ్ల ఏర్పాట్లూ ఇప్పుడు ఒకే కలెక్టరు చేతి కింద ఉన్నాయి. పడమటి పల్లెలవారు ఏరు దాటకుండా అక్కడే స్నానం చేయగలిగితే ఈ ఒడ్డున ఒత్తిడి ఆ మేరకు తగ్గుతుంది. ఈ మాట పుష్కరాల ముందురోజు మైకులో చెబితే ఎవరూ వినరు. ముందునుంచీ పంచాయతీల్లో చెప్పాలి. ఏ మండలంవారు ఏ స్టేషనులో దిగి, ఏ దారిన, ఏ రేవుకు పోవాలో కాగితం మీద గీసి ఊరూరా అంటించాలి. పోయేదారి, వచ్చేదారి వేరువేరుగా ఉండాలి.

పాత వంతెన మీద కొత్త ఆశ

1900లో రైళ్లు మొదలై 1997లో ఆగిపోయిన హేవలాక్ బ్రిడ్జి అప్పటినుంచీ ఖాళీగా ఉంది. 2025 జూన్‌లో శంకుస్థాపన జరిగిన అఖండ గోదావరి పథకంలో దీన్ని కూడా చేర్చారు. పథకం విలువ రూ. 94.44 కోట్లు. ఆ పాత వంతెన మీద నడిచే వీలు కలిగితే లారీల భయం లేకుండా ఏటి మీద నడవగలిగిన దారి ఈ జిల్లాకు దక్కుతుంది.

అయితే టూరిస్టుల కోసం కట్టే అందాలు ఒక ఎత్తు, రోజూ వచ్చే రోగికీ, రైతుకూ కావలసిన దారి మరో ఎత్తు. రెండవదానికి కోట్లు అక్కరలేదు. విరిగిన పలకలు మార్చడం, నీడకు చెట్లు నాటడం, ఫర్లాంగుకొక కూర్చునే అరుగు, తాగునీటి కుళాయి, ఆడవారికి మరుగుదొడ్డి, చీకటిపడ్డాక వెలిగే దీపాలు, తెలుగులో దూరం తెలిపే బోర్డులు. ఇవి పుష్కరాల పన్నెండు రోజులకే కాక తర్వాతి పన్నెండేళ్లకూ పనికివస్తాయి.

పుష్కరాల నిధుల్లో తొలి వాటా స్టేషన్ల నుంచి, బస్టాండ్ల నుంచి రేవులకు పోయే కాలిబాటలకు కేటాయించడం అన్ని విధాలా సమంజసం. రేవుల్లో ఎన్ని మెట్లు కట్టినా, అక్కడికి చేరే దారి ఇరుకైతే ఆపద ఆ ఇరుకులోనే పొంచి ఉంటుంది. సంబంధిత అధికారులు, ప్రజాప్రతినిధులు ఒక్కసారి కారు దిగి, బస్టాండు నుంచి రేవు దాకా ఒక ముసలమ్మ వెంట నడిస్తే ఏం చేయాలో వారికే తెలిసివస్తుంది.