రెండు పియానోలును, వినువారి యోర్పును

సంగీతమును గూర్చి మనలో తరచుగా వినవచ్చు మాట యొకటి కలదు: "బాగున్నచో విందుము, లేనిచో లేచి పోవుదుము." పైకి న్యాయముగా దోచు నీ మాటలో నొక చిక్కున్నది. బాగున్నదో లేదో తెలియుటకు ముందు వినవలెను గదా! ఎంతసేపు వినిన పిమ్మట తీర్పు చెప్పవచ్చును? నచ్చనిచో ఆ యనిష్టమును ఏ రీతిగా తెలుపవలెను? ఈ రెండు ప్రశ్నలును పాటగాండ్రకు మాత్రమే సంబంధించినవి కావు. సభలో కూర్చుండు ప్రతి వానికిని, అందును ముఖ్యముగా బడిపిల్లలకును, వారిని బడికి పంపు తల్లిదండ్రులకును సంబంధించినవి. వీనిని చర్చించుటకు అమెరికా దేశీయుడగు స్టీవ్ రైష్ రెండు పియానోలకై రచించిన "పియానో ఫేజ్" అను కృతియు, అట్టి కృతులను విన్నవారి ప్రవర్తనయు మనకు తగిన యుదాహరణములు.

ముందుగా ఆ కృతి యెట్టిదో తెలిసికొందము. పియానోకు మన హార్మోనియమునకు వలెనే మెట్లుండును. కాని హార్మోనియము గాలిచే పలుకును. పియానోలో మెట్టు నొక్కినప్పుడు చిన్న సుత్తి తీగను కొట్టును. కావున దాని స్వరము పుట్టిన క్షణమునుండియే సన్నగిల్లుచుండును. ప్రతి దెబ్బయు విడివిడిగా వినబడును. "పియానో ఫేజ్" మొదటి భాగమున పండ్రెండు దెబ్బలుగల చిన్న స్వరపంక్తి యొకటియే కలదు. అందు వాడబడిన వేర్వేరు స్వరము లైదు మాత్రమే. ఇద్దరు వాద్యకులు ఆ పంక్తినే, ఒకే వేగముతో, మరల మరల వాయింతురు. కొంతసేపటికి వారిలో నొకరు వేగమును వెండ్రుకవాసి హెచ్చింతురు. రెండవవారు చలింపక తమ వేగముననే నిలుతురు. అప్పుడు రెండు వాద్యములును ఒండొంటినుండి మెల్లగా జారిపోవును. కొంతసేపు అంతయు కలగాపులగముగా నుండి, ముందు పోవువారు సరిగా ఒక్క స్వరము ముందునకు చేరగానే మరల రెండును పొందికగా నిలుచును. ఇట్లు పండ్రెండు మారులు జారినపిదప ఇద్దరును మొదటివలె ఏకమగుదురు. తరువాతి భాగమున ఎనిమిది స్వరముల పంక్తితోను, కడపటి భాగమున నాలుగు స్వరముల పంక్తితోను ఇదే పని జరుగును. మొత్తము సుమారు ఇరువది నిమిషములు పట్టును.

దీనిని గ్రహించుటకు మనకు గొప్ప శాస్త్రము అక్కరలేదు. ఒకే రోటిలో ఇద్దరు స్త్రీలు రోకళ్ళతో దంచుట మన పెద్దలెల్లరు ఎరిగినదే. పోటు వెంట పోటు వరుసగా పడుచుండగా, ఒకరి చేయి కొంచెము త్వరపడినచో లయ మారును. ఇద్దరిలో ఎవ్వరును తలపెట్టని క్రొత్త దరువొకటి పుట్టును. మిర్యాలగూడ త్రోవలో ప్రక్కప్రక్కనున్న రెండు బియ్యపు మిల్లుల చప్పుడు చెవియొగ్గి విన్నవారికిని ఇట్టి యనుభవము కలుగును. రైష్ కృతిలోని కీలకమంతయు ఇదియే. రెండు పియానోలు జారుచుండగా, ఇద్దరిలో ఎవ్వరును వాయింపని మూడవ పాట యొకటి గాలిలో లేచును. అది కాగితముమీద వ్రాయబడినది కాదు. వినువాని చెవిలో పుట్టునది. ఒకరికి పై స్వరములు గంటలవలె వినబడును. మరియొకరికి క్రింది స్వరములు మద్దెలవలె తోచును. శ్రద్ధగా వినని వానికి మాత్రము పండ్రెండు దెబ్బలు తప్ప మరేమియు లేదు.

ఈ యుపాయము రచయితకు దొరకిన విధము మన పాఠశాలవారు తెలిసికొనదగినది. 1964లో రైష్ శాన్‌ఫ్రాన్సిస్కో నగరమున ఒక బోధకుడు వీథిలో నిలిచి నోవహు కాలపు జలప్రళయమును గూర్చి ఆవేశముతో చేసిన ప్రసంగమును టేపుపై పట్టెను. వాన వచ్చునను భావముగల ఆ బోధకుని మాటలను రెండు యంత్రములపై ఒకేమారు పలికింపగా, వాని వేగములు రవంత భేదించి మాటలు ఒకదానినుండి మరియొకటి జారసాగెను. ఆ జారుటయే సంగీతమని యాతడు గ్రహించి 1965లో దానిని ఒక కృతిగా కూర్చెను. యంత్రము చేయుపనిని మనుష్యుల చేతులు చేయగలవా యని పరీక్షింపగోరి "పియానో ఫేజ్" వ్రాసి, 1967లో ఆర్థర్ మర్ఫీ యను మిత్రునితో కలిసి న్యూయార్కునందు వాయించెను. మిక్కిలి కొలది సామగ్రితో, పునరుక్తిచే నడచు నిట్టి సంగీతమునకు మినిమలిజమని పేరు వచ్చినది. ఈ త్రోవలో నడచినవారికి మన దేశపు సంగీతముతోను సంబంధము కలదు. ఫిలిప్ గ్లాస్ 1965లో పారిసునందు పండిత రవిశంకరుని స్వరములను పాశ్చాత్య లిపిలో వ్రాయు పనిచేసి తాళపు లెక్కను నేర్చెను. టెర్రీ రైలీ 1970లో హిందుస్థానీ గాయకుడగు పండిత ప్రాణనాథునకు శిష్యుడయ్యెను. రైష్ మాత్రము ఆ 1970లోనే ఆఫ్రికాలోని ఘనా దేశమునకు పోయి అచ్చటి మద్దెలవాద్యము నభ్యసించెను.

ఇక వినినవారి సంగతి. 1973 జనవరిలో న్యూయార్కునందలి కార్నెగీ హాలులో రైష్ రచించిన "ఫోర్ ఆర్గన్స్" అను కృతిని వాయించిరి. నాలుగు ఆర్గనులు ఒకే స్వరసమూహమును పట్టి, దానిని మెల్లమెల్లగా సాగదీయుటయే అందలి విషయము. కొందరు కేకలు వేసిరి. వాయించుట ఆపుడని అరచిరి. ఒక వృద్ధురాలు తన పాదరక్షతో వేదిక యంచును కొట్టెనని వాద్యకులలో నొకడగు మైకేల్ టిల్సన్ థామస్ తరువాత చెప్పెను. ఇది జరిగి నలువది మూడేండ్లకు, 2016 ఫిబ్రవరి 28వ తేదీన, జర్మనీలోని కొలోన్ నగరపు ఫిల్హార్మోనీ మందిరమున అంతకంటె విచారకరమైన సంగతి జరిగెను. టెహ్రానులో పుట్టి అమెరికాలో పెరిగిన మహన్ ఎస్ఫహానీ యను వాద్యకుడు "పియానో ఫేజ్" కృతిని హార్ప్సికార్డు అను పూర్వకాలపు తంత్రీవాద్యముపై వాయింప బూనెను. రెండవ భాగమును ముందే టేపున పట్టి యుంచెను. వాయించుటకు ముందు కృతిని గూర్చి ఇంగ్లీషున నాలుగు మాటలు చెప్పుచుండగా, జర్మను భాషలో మాటాడుమని సభలోనుండి కేక వచ్చెను. వాద్యము మొదలైన కొన్ని నిమిషములకు నవ్వులు, ఈలలు, పరిహాసపు చప్పట్లు బయలుదేరెను. కొందరు లేచి పోయిరి. కొందరు వాద్యకుని పక్షమున మాటాడిరి. ఆతడు వాయించుట మధ్యలో నాపవలసి వచ్చెను.

దీనికి సరిగా ఎదురైన యుదాహరణము హాలెండు దేశమున కలదు. సిమియోన్ టెన్ హోల్ట్ 1976 మొదలు 1979 వరకు రచించిన "కాంటో ఓస్టినాటో" అను కృతియు చిన్న స్వరపంక్తుల పునరుక్తిచే నడచునదే. దానిని రెండు పియానోలమీదను, నాలుగింటిమీదను వాయింతురు. ప్రతి పంక్తిని ఎన్ని మారులు పలికింపవలెనో వాద్యకులే నిర్ణయింతురు. గంటకు మించి సాగును. ఆ దేశీయులు దానిని ప్రాణముగా ప్రేమించిరి. సభాభవనములలో చాపలు పరచుకొని పండుకొని వినువారును, రైలు స్టేషనులలో నిలిచి వినువారును కలరు. ఒకే తీరు సంగీతము ఒకచోట పాదరక్షల దెబ్బలను, మరియొకచోట చాపలను తెచ్చుకొన్నది. భేదము కృతిలో మాత్రమే కాక, వినువారు ఏమి కోరి వచ్చిరి, ఎట్లు కూర్చుండిరి అనుదానిలోను కలదని నాకు తోచుచున్నది.

కొలోన్ శ్రోతల పక్షమున చెప్పదగినదియు కలదు. వారు ధనమిచ్చి టిక్కెట్టు కొనినవారు. ఆనాడు వారిలో పెక్కుమంది పదునెనిమిదవ శతాబ్దపు సంగీతమును కోరి వచ్చిరి. మామిడిపండు తిన వచ్చినవానికి నేరేడుపండు పెట్టినచో మొగము చిట్లించుట సహజము. పునరుక్తి కొందరికి తలనొప్పి కలిగించునన్నమాటయు అబద్ధము కాదు. "ఇందులో శ్రమ యేమున్నది? పండ్రెండు స్వరములు ఎవడైనను వాయింపడా?" అనువారికి మాత్రము సమాధాన మున్నది. ప్రక్కవాడు వేగము మార్చుచుండగా తాను చలింపక నిలుచుట యెంత కష్టమో, భజనలో తాళము వేసినవారెల్లరు ఎరుగుదురు. అయినను కృతి నచ్చలేదనుట తప్పు కాదు. తప్పు మరియొకచోట నున్నది. ఈల వేసినవాడు తన యభిప్రాయమును తెలుపుటతో ఆగలేదు. వినగోరిన ప్రక్కవాని చెవిని గూడ మూసెను. ఈ తీరు సంగీతమున మూడవ పాట వినువాని యోర్పులోనే పుట్టునని పైన చెప్పితిని. అది ఇంకను పుట్టకముందే గోల చేయుట, మొలకెత్తని మడిని పండలేదని తొక్కివేయుటవంటిది. వాద్యము మీది కోపము వేరు, వాద్యకుని నోటి భాష మీది కోపము వేరు. మొదటిది రుచికి సంబంధించినది. రెండవది సంగీతముతో నేమాత్రము సంబంధము లేనిది, సభకు సిగ్గు తెచ్చునది.

మనకు ఈ సంగీతము మిక్కిలి దూరపుదని యనుకొనుట కూడ సరికాదు. బతుకమ్మ నాడు స్త్రీలు వలయముగా తిరుగుచు పాడు పాటలో ప్రతి పాదము చివర ఒకే పలుకు వచ్చును. గంట గడచినను ఎవ్వరికిని విసుగు లేదు. సూర్యాపేట చెంత దురాజ్‌పల్లి గట్టుమీద రెండేండ్ల కొకమారు జరుగు లింగమంతుల జాతరలో భేరీల మ్రోత ఒకే దరువున రేయి పగలు సాగును. కర్ణాటక సంగీతమున విద్వాంసుడు ఒక్క పల్లవి పాదమునే పట్టి, మూడు కాలములలో త్రిప్పుచు అరగంట పాడును. త్యాగరాజ కీర్తనలలో ఒకే పాదము సంగతి వెంబడి సంగతిగా పెరుగును. ఎరుగనివాడు "చెప్పినదే చెప్పుచున్నాడేమి?" అనును, ఎరిగినవాడు ప్రతి మారును క్రొత్తదనమును వెదకును. అయితే ఇవన్నియు రైష్ కృతియు ఒక్కటే యని చెప్పుట నా యుద్దేశము కాదు. బతుకమ్మలో పాడువారును వినువారును ఒక్కరే. కాళ్ళు కదలును, చేతులు చరచును, విసుగునకు తావుండదు. పియానోసభలో కదలక కూర్చుండి చెవితోనే ఆడవలెను. అది కష్టతరమైన పని. అలవాటు చేసికొనవలసిన పని.

ఈ యలవాటు నేడు మన పిల్లలలో తరుగుచున్నదనుటయే నా యసలు చింత. సెల్‌ఫోనులో పాట మొదలై పది క్షణములు గడువకముందే వ్రేలితో దానిని ప్రక్కకు త్రోయుట వారికి స్వభావమైనది. యంత్రము ముందు ఇందువలన ఎవ్వరికిని నొప్పి లేదు. కాని అదే చేయి, అదే నోరు పాఠశాల వార్షికోత్సవమునకు వచ్చును. ఏ బడిలోనైనను చూడుడు: సినిమాపాటకు చిందులు వేసినచో చప్పట్లు మిన్నుముట్టును, ఒక బాలిక నెలరోజులు సాధనచేసి విలంబ కాలమున కీర్తన మొదలుపెట్టినచో రెండవ నిమిషమున వెనుక బల్లలనుండి ఈల వచ్చును. ఆమె పాటను కుదించుకొని దిగిపోవును. మరుసటి యేడు పేరు ఇయ్యదు. కొలోన్ వాద్యకునికి లోకమంతట వేదికలు కలవు. ఈ పిల్లకు ఉన్నది ఆ ఒక్క వేదికయే. తల్లిదండ్రులలోను కొందరు తమ బిడ్డ వంతు కాగానే గుంపుగా లేచి పోవుదురు. తరువాతి పిల్ల ఖాళీ కుర్చీలకు పాడవలసి వచ్చును. పిల్లలు మన ఉపదేశములనుండి కాక మన కుర్చీలనుండియే వినుట నేర్చుకొందురు.

కావున ఉపాధ్యాయులకు నా మనవి యొకటి. సంగీతపు గంట లేని బడిలోనైనను ఏడాదికి ఒక్క గంట దొరకకపోదు. తలుపులు మూసి, పిల్లలను నిశ్శబ్దముగా కూర్చుండబెట్టి, "పియానో ఫేజ్" మొదటినుండి తుదివరకు వినిపింపుడు. ముందుగా పొగడవలదు, తెగడవలదు. పిమ్మట ప్రతివాడును తాను విన్నదేమో, ఏ నిమిషమున విసుగు కలిగెనో, ఆ విసుగు నిలిచెనో పోయెనో కాగితముమీద వ్రాయవలెను. "నాకు నచ్చలేదు" అని వ్రాసినవానికిని పూర్తి మార్కులే ఇయ్యుడు. కాని ఎందుకు నచ్చలేదో రెండు వాక్యములైన వ్రాయింపుడు. ఆ తరువాతి వారమున దంపుళ్ళ పాట తెలిసిన ఒక ముదుసలిని పిలిపించి, ఆమె పాటను అంతే శ్రద్ధతో వినిపింపుడు. విద్యార్థులారా! మీ రట్లు వ్రాసిన కాగితములలో మంచివానిని వచ్చు సంచికలో అచ్చువేసినచో, ఒకే శబ్దమును నలువదిమంది ఎన్ని తీరుల విందురో మనమందరము చదివి తెలిసికొందుము.