తలుపు తీసినవాడికి బాధ్యత లేదా?

2022లో అనంతపురం జిల్లాలోని మా సలహా కేంద్రానికి ఒక స్త్రీ వచ్చింది. చేతిలో తాకట్టు రసీదు, భర్త ఫోను. అతను బెంగళూరులో తాపీపని చేస్తాడు. పొదుపు సంఘంలో ఆమె పేర తెచ్చిన అప్పు, పుస్తెలతాడు కుదువపెట్టి తెచ్చిన డబ్బు, అంతా ఫోనులో పేకాటకి పోయింది. ఇలాంటి కథలు మనకి కొత్త కాదు. కొత్తగా అనిపించింది ఆమె చూపించిన రెండు మెసేజీలే. మొదటిది అతను కంపెనీకి పెట్టుకున్నది: "ఆపుకోలేకపోతున్నాను, నా ఖాతా మూసేయండి, మళ్ళీ నేనే అడిగినా తెరవకండి." రెండోది ఇరవై రోజులకి కంపెనీ పంపింది: "మీరు కనబడక చాలా రోజులైంది, ఐదువందలు బోనసు వేశాం, వచ్చి ఆడండి."

అతను వెళ్ళాడు. మిగిలిన కూలిడబ్బులు కూడా పోయాయి. ఆమె కంపెనీకి ఫోను చేస్తే వచ్చిన జవాబు ఇది: "ఆయన మేజరు. ఆయన ఇష్టంతోనే ఆడారు. మీరు ఖాతాదారు కారు గనక మీతో మాట్లాడలేం."

ఈ జవాబులోని ప్రతి ముక్కనీ మనం ప్రశ్నించాలి.

"ఆయన ఇష్టం" అంటున్నారు. ఏ రోజు ఇష్టం? తెలివిన పడి, సిగ్గు చంపుకుని, "నన్ను రానివ్వకండి" అని రాసిన రోజున అతని ఇష్టం ఎందుకు లెక్కలోకి రాలేదు? డబ్బు వేసేటప్పుడు అతని వేలిముద్ర చాలు, వెళ్ళిపోతానంటే మాత్రం అతని మాట చాలదా? ఇలా రాసిచ్చి తప్పుకోవడాన్ని సెల్ఫ్ ఎక్స్‌క్లూజన్ అంటారు. అలా రాసిచ్చిన మనిషి తన బలహీనతని కంపెనీ చేతికి అప్పగించినట్టే. ఆ క్షణం నుంచి తలుపు మూసి ఉంచే పూచీ కంపెనీదే. ఆ తర్వాత తీసుకున్న ప్రతి రూపాయీ, తెలిసి తెలిసి తీసుకున్న రూపాయే.

ఈ వాదన కోర్టుల దాకా వెళ్ళింది. బ్రిటన్‌లో గ్రాహం కాల్వర్ట్ అనే అతను విలియం హిల్ అనే పందేల కంపెనీ మీద దావా వేశాడు. తనని ఆరు నెలలు పందేలు కాయనివ్వొద్దని ఫోనులో కోరితే సరేనని, మళ్ళీ ఆడనిచ్చారని అతని ఫిర్యాదు. పోయింది 20 లక్షల పౌన్లకు పైగా. 2008లో కోర్టు ఏమంది? ఒప్పుకున్నాక ఆపాల్సిన బాధ్యత కంపెనీకి ఉందనీ, ఆపలేదనీ అంది. కానీ ఇక్కడ ఆపినా ఇంకోచోట ఆడి ఎలాగూ నాశనమయ్యేవాడు కాబట్టి నష్టపరిహారం ఇవ్వక్కర్లేదంది. అదే ఏడాది అప్పీలు కోర్టూ దాన్నే ఖాయం చేసింది. ఎంత సౌకర్యమైన తర్కం! ఊళ్ళో పది దుకాణాలుంటే, పదిమందిలో ఏ ఒక్కడికీ బాధ్యత లేదన్నమాట.

ఆ తర్కానికి జవాబు, పది తలుపులూ ఒకేసారి మూయడమే. బ్రిటన్‌లోనే 2018లో గామ్‌స్టాప్ అనే ఉమ్మడి జాబితా మొదలైంది. ఒక్కసారి పేరు రాయించుకుంటే ఆరు నెలలో, ఏడాదో, ఐదేళ్ళో లైసెన్సున్న ఏ ఆన్‌లైన్ కాసినో కూడా ఆ మనిషిని ఆడనివ్వకూడదు. 2020 మార్చి 31 నుంచి కంపెనీలన్నీ అందులో చేరడం తప్పనిసరి చేశారు. సెల్ఫ్ ఎక్స్‌క్లూజన్ కోరినవారి పేరు రెండు రోజుల్లోగా ప్రచార జాబితాల్లోంచి తీసెయ్యాలని కూడా అక్కడి నియమం. ఆస్ట్రేలియాలో బెట్‌స్టాప్ 2023 ఆగస్టులో వచ్చింది. అంటే ఇది సాంకేతికంగా అసాధ్యం కాదు. చెయ్యకపోవడానికి లాభం తప్ప వేరే కారణం లేదు. విదేశీ దీవుల్లో లైసెన్సు తెచ్చుకున్న కాసినోలు "మేం గామ్‌స్టాప్‌లో లేం" అని చెప్పుకుని మరీ అమ్ముకుంటున్నాయి. తప్పుకుందామనుకున్న మనిషినే వెతికి పట్టుకునే వ్యాపారం ఇది.

ఇక మూడో ముక్క: "మీరు ఖాతాదారు కారు." అప్పు ఆమె పేర ఉంది. పుస్తెలతాడు ఆమెది. పొదుపు సంఘంలో తలదించుకున్నది ఆమె. అయినా ఆమె ఎవరూ కాదట! సింగపూర్‌లో కాసినోల చట్టం కింద భార్యగానీ, భర్తగానీ, తల్లిదండ్రులుగానీ, పిల్లలుగానీ అర్జీ పెట్టి, జూదరిని కాసినోకి రాకుండా ఉత్తర్వు తెచ్చుకోవచ్చు. ఆ అర్జీ మీద ఇరుపక్షాలనీ పిలిచి విచారిస్తారు. ఈ విచారణ ముఖ్యం. ఎందుకంటే ఇదే అధికారాన్ని విచారణ లేకుండా చేతికిస్తే, భార్య ఫోను మీద పెత్తనానికి భర్తలు దాన్ని వాడుకుంటారని మనకి తెలుసు. జూదమాడే స్త్రీలూ ఉన్నారు. వాళ్ళ గౌరవమూ కాపాడాలి. అయితే ఆ భయంతో ఇంటి అప్పు మోసేవారి నోరు నొక్కడం న్యాయం కాదు.

"ఇప్పుడు నిషేధం వచ్చిందిగా, ఇదంతా ఎందుకు?" అనేవారున్నారు. నిజమే, తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో ఆన్‌లైన్ జూదాన్ని నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ నిషేధిస్తూ చట్టం చేసింది. నడిపేవారికి మూడేళ్ళ దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా. ఆడినవారికి శిక్ష లేదు. ఇది మంచి చట్టమే. కానీ దాన్ని సవాలు చేస్తూ కంపెనీలు వెంటనే కోర్టులకెక్కాయి. విదేశీ యాప్‌లు వీపీఎన్ దారిలో, ఎవరెవరి పేర్లతోనో తెరిచిన బ్యాంకు ఖాతాల దారిలో వస్తూనే ఉన్నాయి.

నిషేధం మనకి కొత్త పాఠం కాదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు తాగుబోతుల చేత ఒట్లు వేయించుకుంటూ కూర్చోలేదు. సారా దుకాణం ముందుకి వెళ్ళారు. 1993లో సారా, 1995లో మద్యం మొత్తం నిషేధించారు. 1997కల్లా మద్యనిషేధం సడలిపోయింది. చట్టం వచ్చిందని మనం ఇళ్ళకి పోతే, దుకాణం దొడ్డిదారిన తెరుచుకుంటుంది.

అందుకే మన డిమాండ్లు స్పష్టంగా ఉండాలి. ఆటలు చట్టబద్ధంగా నడిచిన కాలంలో "రానివ్వకండి" అని కోరినవారి వివరాలను కంపెనీలు బయటపెట్టాలి, ఆ తర్వాత వాళ్ళ నుంచి గుంజిన సొమ్ము తిరిగి ఇవ్వాలి. ఖాతాదారు కోరితే జూదానికి వెళ్ళే చెల్లింపులను బ్యాంకులు, యూపీఐ యాప్‌లు ఆపాలి, వెంటనే ఎత్తేయడానికి వీల్లేకుండా ఆపాలి. కుటుంబ సభ్యుల అర్జీని వినే వ్యవస్థ జిల్లా స్థాయిలో ఉండాలి. రేపు ఏ కోర్టు తీర్పుతోనో, ఏ సవరణతోనో ఈ ఆటలు మళ్ళీ చట్టబద్ధమైతే, ఉమ్మడి జాబితా లేకుండా ఒక్క లైసెన్సు కూడా ఇవ్వకూడదు.

సలహా కేంద్రాల్లో పనిచేసే మిత్రులకి ఒక మాట. ఇలాంటి స్త్రీ వచ్చినప్పుడు భర్తకి బుద్ధి చెప్పి పంపడంతో ఆగకండి. అతను మూసేయమని కోరిన మెసేజీ, కంపెనీ పంపిన బోనసు మెసేజీ, బ్యాంకు స్టేట్‌మెంటు, మూడూ తేదీలతో సహా దాచిపెట్టించండి. మా దగ్గరకొచ్చిన స్త్రీ అడిగిన ప్రశ్నకి మేం ఆరోజు జవాబు చెప్పలేకపోయాం. "ఆయన తలుపు మూయమన్నాడు కదమ్మా, మరి తీసినవాడిని ఎవరూ అడగరా?" అంది. అడగాల్సింది మనమే.