మూత్ర వ్యాధులకు ఇంటి నుంచే పర్యవేక్షణ: లెక్క రాసేది రోగి, చదివేది ఎవరు?

కోరాపుట్, జయపురం, రాయగడ, గుణుపురం ప్రాంతాల తెలుగు కుటుంబాల్లో మూత్ర వ్యాధి వస్తే చాలామంది విశాఖపట్నం వైపే చూస్తారు. ప్రోస్టేట్ పెరిగినవారు, మూత్రం ఆపుకోలేక బాధపడే స్త్రీలు, ట్యూబు వేయించుకున్నవారు పదేపదే చూపించుకోవాలి. అలాంటివారికి ఘాట్ రోడ్డు ప్రయాణమే ఒక శిక్ష.

ప్రతిసారీ వెళ్లకుండా మార్గం ఉంది. కోరాపుట్‌లో 2017 నుంచి షహీద్ లక్ష్మణ్ నాయక్ వైద్య కళాశాల ఉంది. 2020 మార్చి 25న కేంద్రం టెలిమెడిసిన్ మార్గదర్శకాలు ప్రకటించింది. ఈ-సంజీవనిలో డాక్టరుతో ఉచితంగా మాట్లాడవచ్చు.

ఇంట్లో చేయవలసిన పనికి పెద్ద యంత్రాలు అక్కరలేదు. మిల్లీలీటర్ల గీతలున్న కప్పు, గడియారం, నోటుపుస్తకం చాలు. మూడు రోజులపాటు ఎప్పుడు, ఎంత తాగారు, ఎంత మూత్రం వచ్చింది అని రాయాలి. దీన్నే బ్లాడర్ డైరీ అంటారు. మాటిమాటికీ కొద్దికొద్దిగా వస్తోందా, రాత్రిళ్లు ఎక్కువగా వస్తోందా అన్నది ఇందులో తెలిసిపోతుంది. రెండింటికీ కారణాలు వేరు, వైద్యమూ వేరు. ప్రోస్టేట్ రోగులకైతే 7 ప్రశ్నల పట్టిక ఉంది. మొత్తం 35 మార్కులు. 7 వరకు స్వల్పం, 8 నుంచి 19 మధ్యస్థం, 20 నుంచి తీవ్రం. మందు పనిచేస్తున్నదీ లేనిదీ మార్కులే చెబుతాయి.

అయితే లెక్క పంపినంత మాత్రాన పర్యవేక్షణ జరిగినట్టు కాదు. ఫలానా రోజున ఫలానావారు చూసి జవాబు చెప్పాలి. లేకపోతే రోగికి మిగిలేది ఉత్త ధైర్యమే.

రెండో చిక్కు భాష. ధార సన్నబడటం, ఆగి ఆగి రావడం, ఇంకా మిగిలిందనిపించడం మూడు వేర్వేరు లక్షణాలు. ఒడియాలో చెప్పలేని తెలుగు వృద్ధుడు మూడింటికీ కలిపి "కష్టంగా ఉంది" అంటాడు. కొడుకు చేత చెప్పించడానికి తల్లి సిగ్గుపడుతుంది. తప్పు చెబితే మార్కులూ తప్పుతాయి.

కాబట్టి మనం రెండు జిల్లాల వైద్యాధికారులను అడగవలసినవి రెండు: ఒడియాతోపాటు తెలుగులోనూ పట్టిక, లెక్కలు చూడటానికి బాధ్యుడైన ఉద్యోగి. రాష్ట్రంలో వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా అర్జీ పెట్టుకునే హక్కు రాజ్యాంగం 350వ అధికరణ ఇచ్చింది. తెలుగులోనే పెడదాం.

ఒక్క హెచ్చరిక. మూత్రం పూర్తిగా ఆగినా, చలితో జ్వరం వచ్చినా, రక్తపు గడ్డలు పడినా ఫోను పట్టుకుని కూర్చోకండి. వెంటనే దగ్గరి ఆసుపత్రికి వెళ్లండి.